ఏ సుబ్బారావుగారండీ?

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా రావిర్యాలలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనం 1982 నాటి నకారా తీర్పును తలుచుకుంటాం. పెన్షన్ సర్కారు దయతలిచి ఇచ్చే దానం కాదనీ, ఉద్యోగి చేసిన సేవకు దక్కే హక్కనీ సుప్రీంకోర్టు చెప్పిన రోజది. దాన్ని గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఇద్దరు ఈ వేదిక మీదనే ఉన్నారు. కార్యదర్శిగారు నాతో, "మీకు తోచిన విషయం మాట్లాడండి, ఇరవై నిమిషాలు మించకండి" అన్నారు. ఆలోచిస్తే నాకు బాగా తెలిసిన విషయం ఒక్కటే కనిపించింది. అది నా పేరు. అంచేత ఇవాళ సుబ్బారావుల గురించి మాట్లాడతాను.

నవ్వకండి. ఈ పేరు వల్ల నేను ఒకసారి చచ్చిపోయాను.

2012లో ఒక నెల మొదటి తారీఖున బ్యాంకుకు వెళితే పాస్‌బుక్కులో పెన్షన్ పడలేదు. నాలుగు రోజులు ఆగి మళ్ళీ వెళ్ళాను. పడలేదు. కౌంటరులో ఉన్న అమ్మాయి కంప్యూటరు చూసి, కాస్త ఇబ్బందిపడి, "సార్, ఈ పెన్షనరు ఎక్స్‌పైర్డ్ అని ఉంది" అంది. "ఆ పెన్షనరును నేనేనమ్మా" అన్నాను. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. ఆమెకు పైనుంచి వచ్చినదే ఆమె చెప్పింది. సంగతి పైన పెన్షన్ కాగితాలు చూసే కార్యాలయంలో తేలాలి. ఆ కార్యాలయం పేరు ఇక్కడ చెప్పను. అక్కడివాళ్ళూ ఇవాళో రేపో పెన్షనర్లయి మన మధ్యకు వచ్చేవాళ్ళే.

జరిగిందేమంటే, నా ఇంటిపేరు మొదటి అక్షరం ‘పి’. అదే శాఖలో, వేరే జిల్లాలో పనిచేసి రిటైరైన మరొక పి. సుబ్బారావుగారు ఉన్నారు. ఆయన ఇంటిపేరు వేరు, నా ఇంటిపేరు వేరు. కాగితాల్లో మాత్రం ఇద్దరం ‘పి. సుబ్బారావు’. ఆయన కాలం చేశారు. వారి భార్య పద్ధతి ప్రకారం మరణ ధ్రువీకరణ పత్రం ఇచ్చారు. అది నా ఖాతాకెక్కింది. మిగతా కథ తర్వాత చెబుతాను. ముందు, ఇంతమంది సుబ్బారావులు ఎక్కడినుంచి వచ్చారో చెప్పాలి.

మా గోదావరి, కృష్ణా జిల్లాల వైపు పిల్లలు కలగకపోయినా, పుట్టినవాళ్ళు నిలవకపోయినా సుబ్రహ్మణ్యేశ్వరుడికి మొక్కుకుంటారు. నాగులచవితినాడు పుట్టలో పాలు పోస్తారు. మోపిదేవి వెళతారు. మొక్కు ఫలిస్తే మగపిల్లవాడు సుబ్బారావో, సుబ్బయ్యో, సుబ్రహ్మణ్యమో అవుతాడు. ఆడపిల్లయితే సుబ్బలక్ష్మి, సుబ్బమ్మ. ఆపైన తాత పేరు మనవడికి పెట్టే ఆచారం ఒకటుంది. ఒక సుబ్బారావు పుట్టాడంటే ఆ ఇంట్లో తరం తప్పించి తరం సుబ్బారావు ఉంటాడన్నమాట. అంచేత మా ఊరి బడిలో నా తరగతిలోనే నలుగురం ఉండేవాళ్ళం. మాస్టారు మమ్మల్ని ఇంటిపేర్లతోనే పిలిచేవారు. ఆ మాస్టారికి తెలిసిన కిటుకు తర్వాత మా ఆఫీసులకు తెలియలేదు.

సుబ్బారావంటే సినిమాల్లో, కార్టూన్లలో గుమాస్తా పేరనీ, భార్యకు భయపడే అమాయకుడి పేరనీ ఒక అభిప్రాయం పడిపోయింది. నేనూ చిన్నప్పుడు ఈ పేరంటే సిగ్గుపడినవాణ్ణే. పెద్దయ్యాక చదువుకుంటూ పోతే నా పేరు పెట్టుకున్నవాళ్ళు ఎక్కడెక్కడ కూర్చున్నారో తెలిసి ఆశ్చర్యపోయాను.

1878లో మద్రాసులో ఆరుగురు యువకులు కలిసి ‘ది హిందూ’ పత్రిక పెట్టారు. ఆ ఆరుగురిలో ఒకరు న్యాపతి సుబ్బారావు పంతులుగారు. తర్వాత రాజమండ్రిలో పేరుమోసిన వకీలయ్యారు. పొద్దున్నే కాఫీతోపాటు ఆ పత్రిక లేకపోతే తోచనివాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. దాని పునాదిలో ఒక సుబ్బారావు ఉన్నాడని ఎందరికి తెలుసు?

ఎంకి పాటలు రాసిన నండూరి సుబ్బారావుగారు 1895లో పుట్టారు. ఎంకి, నాయుడుబావ తెలియని తెలుగువాడు లేడు కానీ, రాసినాయన ఏలూరులో వకీలుగా ఉండేవారంటే కొందరు నమ్మరు. ఇక నాయని సుబ్బారావుగారు భావకవుల్లో ముఖ్యులు. ‘సౌభద్రుని ప్రణయయాత్ర’ ఆయనది. వారి అమ్మాయి నాయని కృష్ణకుమారిగారు జానపద సాహిత్యం మీద చేసిన కృషి మన హైదరాబాదు వాళ్ళకు తెలిసిందే.

ఇప్పుడు ఒక్కసారి గమనించండి. న్యాపతి, నండూరి, నాయని. ఈ ముగ్గురి పేర్లూ మన ఆఫీసు పద్ధతిలో రాస్తే ఏమవుతుంది? ఎన్. సుబ్బారావు, ఎన్. సుబ్బారావు, ఎన్. సుబ్బారావు. పత్రిక పెట్టినవారెవరో, ఎంకిని సృష్టించినవారెవరో, ‘సౌభద్రుని ప్రణయయాత్ర’ రాసినవారెవరో చెప్పండి చూద్దాం. అదృష్టవశాత్తూ వాళ్ళ పెన్షన్ కాగితాలు ఎవరూ చూడలేదు.

(నవ్వులు. ఇంతలో విమానం వెళ్ళడంతో కొంచెం ఆగవలసి వచ్చింది.)

శంషాబాదు విమానాశ్రయం 2008లో మొదలైనప్పటినుంచి ఈ చుట్టుపక్కల ఉపన్యాసాలన్నిటికీ ఇలా మధ్యమధ్య విశ్రాంతి దొరుకుతోంది. మంచిదే.

హైదరాబాదుకు దగ్గరి సుబ్బారావు రాయప్రోలు సుబ్బారావుగారు. పుట్టింది కోస్తాలోనైనా ఉస్మానియా విశ్వవిద్యాలయం తొలి రోజుల్లోనే ఇక్కడికి వచ్చి తెలుగు చెప్పారు. అప్పట్లో ఇక్కడ చదువంతా ఉర్దూలో. ఆ నడుమ ఒక తెలుగు కవి కూర్చుని పాఠాలు చెప్పాడంటే ఆ రోజుల్లో ఇక్కడి తెలుగు పిల్లలకు అదెంత ధైర్యమో, ఆ కాలం చూసిన పెద్దలను అడిగితే తెలిసేది. ఇప్పుడు అడగడానికి వాళ్ళు లేరు.

కోకా సుబ్బారావుగారు రాజమండ్రిలో 1902లో పుట్టారు. ఆంధ్ర రాష్ట్రానికి గుంటూరులో హైకోర్టు పెట్టినప్పుడు, 1954లో, మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1966లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ కేసులో, ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని తీర్పునిచ్చారు. పదకొండుమంది జడ్జీల్లో ఆరుగురు ఒకవైపు, అయిదుగురు ఒకవైపు. 1973లో మరో పెద్ద ధర్మాసనం ఆ తీర్పును పక్కన పెట్టిందనుకోండి. అయినా ఆ ప్రశ్న వేసిన మనిషిని లాయర్లు ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ ఏప్రిల్‌లో ఆయన పదవికి రాజీనామా ఇచ్చి, ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి పోటీ చేసి జాకిర్ హుస్సేన్‌గారి చేతిలో ఓడిపోయారు. గెలిచినాయన పుట్టింది మన హైదరాబాదులోనే. జడ్జి పదవినుంచి నేరుగా ఎన్నికల్లోకి దిగడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. పేరు కలిసినంత మాత్రాన అన్నీ నచ్చాలని లేదు కదా.

సినిమాల్లో ఆదుర్తి సుబ్బారావుగారు ‘మూగమనసులు’ తీశారు. ‘తేనెమనసులు’తో కృష్ణను హీరోగా పరిచయం చేశారు. బి.ఎ. సుబ్బారావుగారు 1950లో ‘పల్లెటూరి పిల్ల’ తీశారు. రామారావు, నాగేశ్వరరావు మొదటిసారి కలిసి నటించింది అందులోనే. ఇద్దరు సుబ్బారావులూ దర్శకులే అయినా ప్రేక్షకుడు తికమకపడలేదు. ‘ఆదుర్తి’ అంటే చాలు, తెలిసిపోయేది.

అయిదేళ్ళ మనవరాలు ఒకరోజు వందనోటు పట్టుకుని పరుగెత్తుకొచ్చి, "తాతయ్యా, నోటు మీద నీ పేరుంది!" అంది. ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావుగారు 2008 సెప్టెంబరు నుంచి 2013 సెప్టెంబరు దాకా రిజర్వు బ్యాంకు గవర్నరు. ఆ అయిదేళ్ళలో అచ్చయిన నోట్ల మీద ఆయన సంతకం ఉంటుంది. "అది నేను కాదమ్మా" అంటే ఒప్పుకోదే! నాకు పెన్షన్ ఆగిన 2012లో కూడా నోట్ల మీద సుబ్బారావు సంతకమే. నోట్లన్నీ సుబ్బారావువి, సుబ్బారావు చేతిలో మాత్రం నోటు లేదు.

వీళ్ళందరిలో నేను చేతులెత్తి దండం పెట్టేది ఎల్లాప్రగడ సుబ్బారావుగారికి. 1895లో భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో బడి చదువు. మద్రాసులో వైద్యం చదివేటప్పుడు ఖద్దరు కట్టాడన్న కోపంతో ఇంగ్లీషు ప్రొఫెసరు మార్కులు తగ్గించగా, ఎం.బి.బి.ఎస్. బదులు అంతకంటే తక్కువ పట్టా చేతికొచ్చింది. స్ప్రూ అనే జబ్బు అన్నదమ్ములను పొట్టన పెట్టుకుంది. అమెరికా వెళ్ళిన మనిషి మళ్ళీ ఈ గడ్డ మీద కాలు పెట్టలేదు. హార్వర్డులో ఫిస్కే అనే ఆయనతో కలిసి రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఒంట్లో శక్తినంతా నడిపించే ఎ.టి.పి. అనే పదార్థాన్ని 1929లో వెలికితీశారు. అదే సమయంలో జర్మనీలో ఇంకొకాయన కూడా తీశారు. ఆ తర్వాత లెడర్లీ మందుల కంపెనీలో పరిశోధన మొత్తానికీ పెద్ద అయ్యారు. ఫోలిక్ యాసిడ్ తయారీ, బోదకాలు మందు హెట్రజాన్, ఆరియోమైసిన్ – అన్నీ ఆయన పర్యవేక్షణలో వచ్చినవే. గోదావరి డెల్టాలో బోదకాళ్ళు చూసి పెరిగినవాడిని కనుక ఆ మందు విలువ నాకు తెలుసు.

మెథోట్రెక్సేట్ కూడా అక్కడిదే. మొదట్లో అది రక్తపు క్యాన్సరుకు. ఇప్పుడు కీళ్ళవాతానికి కూడా ఇస్తున్నారు. ఈ సభలో వారానికొకసారి ఆ చిన్న మాత్ర వేసుకునేవారు కనీసం ఇద్దరున్నారని నాకు తెలుసు. చేతులెత్తమని అడగను. ఎల్లాప్రగడవారు 1948లో న్యూయార్కులో యాభై మూడేళ్ళకే పోయారు. మన దేశం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది 1995లో, శతజయంతికి.

ఆయన పేరుకు అక్కడ ఏమయిందో చూడండి. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత. వాళ్ళ పద్ధతిలో చివరిది ఇంటిపేరు. అంచేత ఎల్లాప్రగడ అన్నది ఆయన సొంత పేరయిపోయి, సుబ్బారావు వంశం పేరయిపోయింది. ప్రపంచమంతా ఆ భాస్వరం పద్ధతిని ఫిస్కే–సుబ్బారో పద్ధతి అంటుంది. ఒక జాతి బూజుకు కూడా ‘సుబ్బరోమైసెస్’ అని పేరు పెట్టారు. మన పిల్లలు అమెరికా వెళ్ళినప్పుడు పాస్‌పోర్టులో ఏది ముందు, ఏది వెనక అని పడే తంటా కొత్తది కాదన్నమాట.

ఇదంతా కోస్తా వాళ్ళ గొడవ, మాకేం పని అని ఇక్కడి మిత్రులు అనుకోవచ్చు. సరే, నారాయణరెడ్డి అనండి. ఏ నారాయణరెడ్డి? భువనగిరి దగ్గర బొల్లేపల్లిలో 1908లో పుట్టి, తెలంగాణ సాయుధ పోరాటాన్ని నడిపి, 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి నెహ్రూగారికంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న రావి నారాయణరెడ్డిగారా? హనుమాజీపేటలో 1931లో పుట్టి, ‘విశ్వంభర’ రాసి, 1988 జ్ఞానపీఠం అందుకున్న సింగిరెడ్డి నారాయణరెడ్డిగారా? రెండో ఆయనను మనం సినారె అన్నాం. ఇంగ్లీషులో ‘సి’ అని రాసుకున్నారు. ఆ ‘సి’ అక్షరం చూసి సింగిరెడ్డి అని ఊహించగల గుమాస్తా ఎవరైనా ఉంటే అతనికి ప్రమోషన్ ఇవ్వాలి.

మన ఊళ్ళవాళ్ళు ఈ చిక్కును ఎప్పుడో విప్పుకున్నారు. పెద్ద మల్లయ్య, చిన్న మల్లయ్య, చెరువు కాడి మల్లయ్య అంటారు. కూచిపూడిలో వెంపటి వారింట్లో ఇద్దరు సత్యాలుంటే ఒకరు పెదసత్యం, ఒకరు చినసత్యం అయ్యారు. చినసత్యంగారు ఆ ‘చిన’తోనే ప్రపంచమంతా తిరిగారు. జానకిగార్లు ఇద్దరున్నారు, ఇద్దరూ ఎస్. జానకిలే. ఒకరు శిష్ట్లా జానకి, గాయని. ఇంకొకరు శంకరమంచి జానకి, నటి. నటిగారికి ఒక సినిమా పేరే అడ్డంపడి కాపాడింది. 1950లో వచ్చిన ‘షావుకారు’ వల్ల ఆవిడ షావుకారు జానకి అయ్యారు. మనందరికీ అలాంటి సినిమా రాదు. మనకున్నది ఇంటిపేరే.

ఇక నా కథకు వస్తాను.

ఆ కార్యాలయానికి నేను నాలుగోసారి వెళ్ళిన రోజున బెంచీ మీద కూర్చుని ఉన్నాను. గుమాస్తా లోపలినుంచి "పి. సుబ్బారావు!" అని కేకేశాడు. నేను లేచాను. అదే బెంచీ చివర కూర్చున్న ఒక పెద్దావిడ కూడా లేచింది. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచీ, అందులో కాగితాలు, పైన భర్తతో కలిసి తీయించుకున్న ఫోటో. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఆవిడే ముందు అర్థం చేసుకుంది. "మీరేనా అన్నయ్యగారూ, ఆ సుబ్బారావుగారు? మా వల్ల మీకు పెన్షన్ ఆగిందట కదా" అంది. భర్త పోయి నాలుగు నెలలైన మనిషి నాకు క్షమాపణ చెబుతోంది. నాకు మాట రాలేదు.

నా సంగతి సులువుగానే తేలింది. బతికున్న మనిషి ఎదురుగా నిలబడితే ఎంతటి కాగితమైనా ఎప్పటికో అప్పటికి ఒప్పుకోక తప్పదు. మూడు నెలల బకాయి ఒకేసారి పడింది. చిక్కంతా ఆవిడది. మరణం నా ఖాతాకెక్కింది కనుక ఆవిడ భర్త ఖాతాలో పూర్తి పెన్షన్ పడుతూనే ఉంది. కాగితాలు ఇచ్చాం కదా, ఇదే ఫ్యామిలీ పెన్షన్ కాబోలని ఆవిడ అనుకుంది. జాయింటు ఖాతా. దినవారాలకూ, ఆస్పత్రి బాకీకీ ఖర్చయింది. తప్పు దిద్దేసరికి, ఎక్కువగా తీసుకున్న సొమ్మంతా తిరిగి కట్టాలనీ, కట్టేదాకా ఫ్యామిలీ పెన్షన్‌లోంచి పట్టుకుంటామనీ నోటీసు వచ్చింది. ఆవిడ ఒక్క పైసా అడిగి పుచ్చుకోలేదు. తప్పు ఆవిడది కాదు. అయినా రూలు రూలే.

అప్పుడు మన సంఘం పెద్దలు ఇద్దరు నాతో వచ్చారు. అర్జీ నేనే రాశాను. కిందటి సుబ్బారావు తరఫున ఇప్పటి సుబ్బారావు రాసిన అర్జీ అది. ఒకేసారి పట్టుకోకుండా చిన్న చిన్న వాయిదాల్లో తీసుకునేందుకు ఒప్పుకున్నారు. మాఫీ చెయ్యలేదు. అంటే నా కష్టం మూడు నెలల్లో తీరింది. ఆవిడ కష్టం రెండేళ్ళు సాగింది. ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు కాస్త సిగ్గుగానే ఉంటుంది, ఎందుకో చెప్పలేను. ఇప్పుడు పండగలకు మా ఇంటికి వస్తారు. వాళ్ళ ఇంటిపేరు, నా ఇంటిపేరు ఇక్కడ చెప్పకపోవడానికి కారణం కూడా అదే. ఆవిడ కుటుంబం సంగతి అచ్చులో పెట్టడం మర్యాద కాదు.

2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్రతో లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. వేలిముద్రకు పేరుతో పనిలేదు, అది మంచిదే. మన వయసులో వేళ్ళు అరిగిపోయి ముద్ర పడకపోవడం వేరే గొడవ. కానీ మనం పోయిన తర్వాత మన వేలు రాదు. అప్పుడు మన ఇంటి ఆడవాళ్ళ చేతిలో ఉండేది కాగితమే.

అంచేత ఇంటికి వెళ్ళగానే పి.పి.ఓ. కాగితం తీసి చూడండి. మీ ఇంటిపేరు పూర్తిగా ఉందా, పొడి అక్షరమేనా? బ్యాంకు పాస్‌బుక్కులో, ఆధార్‌లో, పాన్ కార్డులో అదే పేరు అలాగే ఉందా? భార్య పేరు, పుట్టిన తేదీ పి.పి.ఓ.లో ఎక్కాయా? తేడా ఉంటే దిద్దించమని అర్జీ మీరు ఉండగానే ఇవ్వండి. మన సంతకానికి విలువుండేది మనం ఉన్నన్నాళ్ళే. పి.పి.ఓ. నంబరు ఒక చీటీ మీద రాసి ఇంట్లో వాళ్ళకివ్వండి. ఎక్కడ కాగితమిచ్చినా పేరుతోపాటు ఆ నంబరు వెయ్యమని చెప్పండి. ఆవిడ ఇచ్చిన కాగితం మీద ఆ నంబరు ఉండి ఉంటే నేను చచ్చేవాణ్ణి కాదు. ఈ సంగతి మగవాళ్ళకంటే వెనక కూర్చున్న తల్లులకే ఎక్కువ చెబుతున్నాను.

అర్జీ నమూనాలు వెనక బల్ల దగ్గర ఉన్నాయి. తీసుకునేటప్పుడు రిజిస్టరులో సంతకం పెట్టండి. కిందటి సభ రిజిస్టరు నేను చూశాను. ఒకే పొడి అక్షరం, ఒకే పేరు రెండు చోట్ల ఉంది. ఇద్దరు మనుషులో, ఒక్కరే రెండుసార్లు భోజనం టోకెను తీసుకున్నారో కార్యదర్శిగారు ఇంతవరకు తేల్చుకోలేకపోయారు. ఇవాళ మాత్రం ఇంటిపేరు పూర్తిగా రాయండి.

వంటలు అయ్యాయని సైగ చేస్తున్నారు. ఇరవై నిమిషాలూ దాటాయి. సెలవు.